భుజం మీద నక్షత్రం



రెండేళ్ళ కిందట, వానలు వెనకబట్టే రోజుల్లో నాకు జ్వరం పట్టుకుంది. పెరటి వెనక పొదలు కొట్టించిన పది రోజులకు మొదలైంది. మాత్ర వేసుకుంటే దిగేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. మలేరియా పరీక్ష చేశారు, టైఫాయిడ్‌ది చేశారు, డెంగీది చేశారు. ఏదీ కాదన్నారు. ఆసుపత్రిలో చేరిన మూడో రాత్రి ఒళ్ళు పేలిపోతుంటే, డ్యూటీలో ఉన్న సిస్టర్ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ తుడుస్తూ నా చంక దగ్గర చెయ్యి ఆపింది. "బాబాయ్‌గారూ, ఇది ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది. చుట్టతో చురక పెట్టినట్టు నల్లగా చెక్కుకట్టిన మచ్చ. నొప్పి లేదు, దురద లేదు. అందుకే నేను చూసుకోనేలేదు. ఆమె వెంటనే డాక్టరుగారికి కబురు పెట్టింది. ఆయన వచ్చి చూసి స్క్రబ్ టైఫస్ అయ్యుంటుందన్నారు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకల్లా జ్వరం విడిచింది.

మంచం మీద తేరుకుంటూ ఈ జ్వరం పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే ఆ దారి నన్ను అస్సాం తూర్పు కొసన లీడో అనే ఊరికి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ వెదురు పాకల్లో నడిచిన ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ పాకల్లో పనిచేసిన ఇరవై మూడేళ్ళ నర్సు ఒకామె ఇరవై ఏడేళ్ళ తర్వాత అమెరికా సైన్యంలో జనరల్ అయింది. ఆ దేశపు సాయుధ దళాల్లో ఆడమనిషి ఆ హోదా అందుకోవడం అదే మొదలు. ఆమె పేరు అన్నా మే హేస్. ఈ పూట ఆమె గురించి చెప్పాలని మీ ముందుకు వచ్చాను.

అన్నా మే 1920 ఫిబ్రవరి 16న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టింది. ఇంటిపేరు మెక్‌కేబ్. తల్లీ తండ్రీ ఇద్దరూ సాల్వేషన్ ఆర్మీలో పనిచేసేవాళ్ళు. పేదల మధ్య తిరిగి సేవ చేసే, వీధి మొగల్లో బాకాలూ డప్పులతో భక్తిగీతాలు పాడే సంస్థ అది. పిల్లకు ఆ సంగీతం అబ్బింది. పియానో వాయించేది, చర్చిలో ఆర్గాన్ వాయించేది, ఫ్రెంచ్ హార్న్ ఊదేది. పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు కుటుంబం మారాక అక్కడే హైస్కూలు చదువు అయింది. సంగీత కళాశాలలో చేరాలని ఉండేది. ఫీజు కట్టే స్తోమత లేదు. ఊళ్ళోనే ఆసుపత్రికి అనుబంధంగా నర్సింగు బడి ఉంది. అందులో చేరి 1941లో పాసయింది. ఆ డిసెంబరులోనే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. 1942 మేలో అన్నా మే ఆర్మీ నర్స్ కోర్‌లో పేరు రాయించుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు పోవాలి. అమెరికా సైన్యంలో నర్సుల దళం 1901లో ఏర్పడింది. పందొమ్మిదేళ్ళపాటు ఆ నర్సులకు ఏ హోదా లేదు. వాళ్ళు ఆఫీసర్లు కారు, సిపాయిలు కారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన నర్సుల ఫిర్యాదు ఏమిటంటే, వార్డులో ఆర్డర్లీలు తమ మాట వినరని. నీళ్ళు కాచమంటే కాచేవాడు ఉండడు, పక్కగుడ్డలు మార్చమంటే మార్చేవాడు ఉండడు. భుజం మీద ఏమీ లేని మనిషి చెప్పింది చెయ్యాల్సిన అవసరం సైన్యంలో ఎవరికీ లేదు. తిరిగొచ్చాక నర్సులు గట్టిగా అడగ్గా అడగ్గా 1920లో, అన్నా మే పుట్టిన ఏడాదే, చట్టం చేశారు. సెకండ్ లెఫ్టినెంట్ నుంచి మేజర్ దాకా హోదా గుర్తులు పెట్టుకోవచ్చన్నారు. అయితే అది పూర్తి కమిషన్ కాదు. అదే గుర్తు పెట్టుకున్న మగ ఆఫీసరుకు వచ్చే జీతం గానీ, హక్కులు గానీ ఆమెకు రావు. పేరుకు లెఫ్టినెంట్, అంతే. ఆ పేరుకు హోదాతోనే అన్నా మే 1943 జనవరిలో మన దేశానికి బయలుదేరింది.

ఆమె వచ్చింది ట్వంటియెత్ జనరల్ హాస్పిటల్‌తో. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు డాక్టర్లూ నర్సులూ ఒక జట్టుగా కదిలి వచ్చిన ఆసుపత్రి అది. బర్మా జపాను చేతికి చిక్కడంతో చైనాకు భూమార్గం తెగిపోయింది. లీడో నుంచి పాంగ్‌సౌ కనుమ మీదుగా బర్మాలోకి కొత్త రోడ్డు వేస్తున్నారు. స్టిల్‌వెల్ రోడ్డు అని తర్వాత పేరు వచ్చింది. ఆ రోడ్డు పనికి వచ్చిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది నల్లజాతి యువకులు. ఇటు తేయాకు తోటల కూలీలనూ ఆ పనుల్లోకి దించారు. మన ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట అస్సాం తోటలకు వలసపోయిన కుటుంబాలవాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఆ తోటల పేర్లు వింటే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఆసుపత్రి అంటే వెదురు దడులు, తాటాకు పాకల్లాంటి గడ్డి కప్పులు, మట్టి నేల. వాన మొదలైతే నెలల తరబడి ఆగదు. బూట్లలోకి జలగలు. గుడ్డ ఆరదు. వార్డుల్లో తుపాకి దెబ్బల కంటే రోగాలతో వచ్చినవాళ్ళే ఎక్కువ. అమీబిక్ విరేచనాలు, మలేరియా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో 1897లో కనిపెట్టాడు. నలభై ఐదేళ్ళ తర్వాత కూడా ఆ అడవిలో దోమదే పైచెయ్యి. అటాబ్రిన్ అని పచ్చటి మాత్ర రోజూ మింగించేవాళ్ళు. మింగిన వాళ్ళ ఒళ్ళు పసుపు పూసినట్టు అయ్యేది.

మలేరియాకు ఆ మాత్రైనా ఉంది. స్క్రబ్ టైఫస్‌కు అదీ లేదు. పొదల్లో ఉండే కంటికి ఆనని ఒక పురుగు పిల్ల కుడుతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. పది రోజులకు నాకొచ్చినట్టే జ్వరం. తర్వాత తలనొప్పి, పలవరింత, ఊపిరి అందకపోవడం, గుండె బలహీనపడటం. దీనికి పనిచేసే మందు 1948లో గానీ తెలియలేదు. 1944లో మెరిల్స్ మరౌడర్స్ అనే అమెరికన్ దళం బర్మా అడవుల్లో నెలల తరబడి నడిచి, పోరాడి, ఈ జ్వరంతో కుప్పకూలింది. వాళ్ళను విమానాల్లో లీడోకు మోసుకొచ్చారు. డాక్టరు వచ్చి చూసి వెళ్తాడు, రాయడానికి మందు ఏది? మిగిలిందల్లా నర్సు చేతిలో ఉన్నది. ఒళ్ళు తుడవడం. చెంచాతో నీళ్ళు తాగించడం, ఎన్ని చెంచాలు లోపలికి వెళ్ళాయో, ఎంత మూత్రం వచ్చిందో రాసుకోవడం. పలవరిస్తూ మంచం దిగబోయేవాణ్ణి పట్టుకుని పడుకోబెట్టడం. పక్కకు తిప్పి వీపు పుండ్లు పడకుండా చూడటం. మళ్ళీ ఒళ్ళు తుడవడం. ఇలా పన్నెండు, పద్నాలుగు రోజులు గడిపేస్తే జ్వరం తనంతట తాను విడుస్తుంది. అన్ని రోజులు మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యం. ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు రెండు రోజుల్లో జ్వరం దిగింది, మాత్ర ఉంది కాబట్టి. ఆ మాత్ర లేని కాలంలో ఆ చేతులే ఉన్నాయి.

ఆ వార్డుల్లో చైనా సైనికులు కూడా వందల్లో ఉండేవాళ్ళు. భాష తెలియదు, సైగలతోనే అన్నీ. 1944 మార్చిలో లార్డ్ మౌంట్‌బాటెన్‌కు బర్మాలో జీపు నడుపుతుండగా కంటికి దెబ్బ తగిలితే తెచ్చింది కూడా ఈ ఆసుపత్రికే. అన్నా మే రెండున్నరేళ్ళు లీడోలో పనిచేసింది. యుద్ధం ముగిసే వేళకు సెలవు మీద ఇంట్లో ఉంది. చాలామంది నర్సులు అంతటితో సైన్యం వదిలి వెళ్ళిపోయారు. ఆమె ఉండిపోయింది.

ఆమె లీడోలో దిగిన ఆ 1943లోనే ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీసును విడి సర్వీసుగా ఏర్పాటు చేస్తూ మన దేశంలో ఆర్డినెన్సు వచ్చింది. అమెరికన్ నర్సులకు శాశ్వత కమిషన్ 1947లో దొరికింది. దాన్ని మొట్టమొదట అందుకున్నది అప్పటి నర్సుల దళం అధిపతి ఫ్లోరెన్స్ బ్లాంచ్‌ఫీల్డ్. ఆమె చేతికి ఆ పత్రం ఇచ్చింది నాటి సైన్యాధిపతి ఐసెన్‌హోవర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ చట్టంలోనూ ఒక మెలిక పెట్టారు. నర్సులు శాశ్వత హోదాలో లెఫ్టినెంట్ కల్నల్ దాటి పైకి పోలేరు. అధిపతిగా ఉన్న ఒక్కరికి, ఆ కుర్చీలో ఉన్నంత కాలం, కల్నల్ హోదా. దిగిపోతే అదీ పోతుంది.

1950లో కొరియా యుద్ధం వచ్చింది. ఫోర్త్ ఫీల్డ్ హాస్పిటల్‌తో అన్నా మే ఇంచన్‌లో దిగింది. లీడోలో ఉక్కపోత అయితే ఇక్కడ ఎముకలు కొరికే చలి. సామాన్లు అందవు. ఆపరేషన్ గదిలోనే వణుకు. రెండు యుద్ధాల్లో ఏది కష్టమంటే కొరియాయే అని ఆమె తర్వాత చెప్పింది. సంవత్సరం తిరగకుండా ఆ ఆసుపత్రి ఇరవై ఐదు వేలకు పైగా రోగులను చూసింది. నర్సులు చూస్తే పదుల్లో ఉన్నారు. నాకు మచ్చ చూపించిన సిస్టరు దగ్గరకు తర్వాత ఒకసారి పళ్ళు తీసుకుని వెళ్ళి ఈ కథంతా చెప్పాను. నక్షత్రాలూ జనరల్‌గిరీ ఆమెను పెద్దగా కదిలించలేదు. "ఒక్కో సిస్టరుకు ఎంతమంది పేషంట్లు బాబాయ్‌గారూ?" అని అడిగింది. నేను ఆ ఇరవై ఐదు వేల లెక్క చెప్పాను. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "నైట్లు ఎట్లా చేశారో పాపం" అంది.

కొరియాలో సెలవు దొరికిన పూట అన్నా మే ఏం చేసేదో తెలుసా? కాళ్ళతో తొక్కి వాయించే చిన్న ఆర్గాన్ ఒకటి ఉండేది. సైన్యంలోని పాస్టర్లతో కలిసి దాన్ని ముందు వరసల దాకా మోసుకుపోయి, అక్కడి ప్రార్థనల్లో వాయించేది. సంగీత కళాశాలకు ఫీజు కట్టలేకపోయిన పిల్ల ఆర్గాన్‌ను వదల్లేదు. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

కొరియా తర్వాత కొంతకాలం టోక్యోలో పనిచేసి, చివరికి వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం హెడ్ నర్సు అయింది. 1956 జూన్‌లో ఐసెన్‌హోవర్‌ను పేగు వాపుతో అక్కడికి తెచ్చారు. అప్పటికి ఆయన అమెరికా అధ్యక్షుడు. ఆపరేషన్ చేశారు. చేసిన సర్జన్ల బృందంలో ఐసిడోర్ రావ్‌డిన్ ఉన్నాడు. ఆయన ఎవరో కాదు, లీడో ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసి, ఆ ఆసుపత్రిని నడిపించిన మనిషే. అధ్యక్షుణ్ణి చూసుకోవడానికి ప్రత్యేకంగా ముగ్గురు నర్సులను ఎంచారు. వాళ్ళలో అన్నా మే ఒకరు. అస్సాం వెదురు పాకల్లో జ్వరాలతో కుస్తీపట్టిన ఇద్దరు మళ్ళీ ఒకే రోగి మంచం దగ్గర కలుసుకున్నారు. ఐసెన్‌హోవర్ దంపతులకు అన్నా మేతో అప్పుడు కుదిరిన స్నేహం చివరిదాకా నిలిచింది.

ఆ జూలైలో ఆమె విలియం హేస్‌ను పెళ్ళి చేసుకుంది. వికలాంగులకు పని చూపించే సంస్థను నడిపేవాడాయన. కొన్నేళ్ళకే ఆయన పోయారు. పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చదువు మాత్రం ఆపలేదు. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 1958లో డిగ్రీ తీసుకుంది. మాస్టర్స్ డిగ్రీ 1968లో, అప్పటికి ఆమె నర్సుల దళం అధిపతి, వయసు నలభై ఎనిమిది.

అధిపతి అయింది 1967 సెప్టెంబరు 1న. వియత్నాం యుద్ధం మండుతోంది. అక్కడికి పంపాల్సిన నర్సుల్లో చాలామంది అప్పుడే బడి దాటి వచ్చినవాళ్ళు, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లలు. హెలికాప్టర్లు ఉన్నాయి కాబట్టి పాత యుద్ధాల్లో దారిలోనే పోయే క్షతగాత్రులు ఇప్పుడు ప్రాణంతో ఆసుపత్రికి చేరుతున్నారు. నర్సు చూడాల్సింది కూడా అంత పెరిగింది. ఆమె మూడుసార్లు వియత్నాం వెళ్ళి వార్డులన్నీ తిరిగి చూసింది. 1969 జూన్ 8న చు లాయ్‌లోని ఆసుపత్రి మీద రాకెట్ పడింది. వియత్నాం పౌరులకు వైద్యం చేసే వార్డులో డ్యూటీలో ఉన్న లెఫ్టినెంట్ షారన్ లేన్ అక్కడే చనిపోయింది. ఇరవై ఐదేళ్ళు. ఆ యుద్ధంలో శత్రువు కాల్పులకు నేరుగా బలైన అమెరికన్ సైనిక మహిళ ఆమె ఒక్కతే. పంపిన దళానికి అధిపతి అన్నా మే. ఆ కబురు ఆమె ఎలా విన్నదో, ఆ రాత్రి ఎలా గడిచిందో నేను ఊహించబోను.

ఆమె కుర్చీ ఎక్కిన రెండు నెలలకు, 1967 నవంబరు 8న, అధ్యక్షుడు జాన్సన్ ఒక చట్టంపై సంతకం పెట్టారు. మహిళా ఆఫీసర్ల పదోన్నతికి అడ్డంగా ఉన్న పరిమితులు తొలగిపోయాయి. దాదాపు యాభై ఏళ్ళుగా నర్సుల నెత్తిమీద ఉన్న కప్పు లేచిపోయింది. తర్వాత రెండున్నరేళ్ళకు, 1970 జూన్ 11న, పెంటగాన్‌లో సభ జరిగింది. సైన్యాధిపతి జనరల్ వెస్ట్‌మోర్లండ్ ఆమె భుజాన బ్రిగేడియర్ జనరల్ నక్షత్రాలు పెట్టారు. కొద్ది నిమిషాల తేడాతో మహిళా సైనిక దళం అధిపతి ఎలిజబెత్ హోయిసింగ్టన్‌ను కూడా జనరల్ చేశారు. ఆ సభకు ఐసెన్‌హోవర్ భార్య మేమీ వచ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన ఒకప్పుడు బ్రిగేడియర్ జనరల్‌గా ఉన్నప్పుడు ధరించిన నక్షత్రాలను తెచ్చి అన్నా మేకు ఇచ్చింది.

ఆ సభ ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. వాటికంటే నాకు పెద్దగా కనబడేది, ఆ అధికారాన్ని ఆమె దేనికి వాడిందన్నది. అప్పటిదాకా ఆర్మీ నర్సు గర్భవతి అయితే చాలు, ఉద్యోగం పోయేది. అడిగేవాళ్ళు లేరు, వాదన లేదు, పెట్టె సర్దుకోవడమే. చిన్నపిల్లలున్న తల్లిని నర్సు ఆఫీసరుగా తీసుకునేవాళ్ళు కారు. ఈ నియమాలు మారడానికి ఆమె చేసిన సిఫార్సులు దారితీశాయి. మరొకటి చూడండి. మగ ఆఫీసరు భార్య సైనిక దుకాణాల్లో చవగ్గా సరుకులు కొనుక్కోవచ్చు. మహిళా ఆఫీసరు భర్తకు ఆ హక్కు ఉండేది కాదు. దాన్నీ ఆమె సరిచేయించింది. ఉప్పూ పప్పూ కొట్టు సంగతి కదా అనుకోకండి. ఇంటికి ఆధారం ఆడమనిషి జీతం కూడా అయ్యుండొచ్చని ఒక సైన్యం ఒప్పుకోవడం అది.

1971 ఆగస్టు చివర ఆమె పదవీ విరమణ చేసింది. ఐదేళ్ళకు మన దేశంలోనూ ఒక ఆడమనిషి జనరల్ హోదాకు చేరింది. 1976 ఆగస్టులో మేజర్ జనరల్ అయిన గెర్ట్రూడ్ ఆలిస్ రామ్. భారత సైన్యంలో ఆ మెట్టెక్కిన మొదటి మహిళ. ఆమె నడిపింది కూడా నర్సుల దళాన్నే, మన మిలిటరీ నర్సింగ్ సర్వీసును. మా ఊళ్ళో నర్సింగు చదివే పిల్లలను ఈ పేరు అడిగాను. ఒక్కరూ వినలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మాత్రం అందరికీ వచ్చు. నైటింగేల్ మీద నాకు గౌరవం తక్కువేమీ కాదు. కానీ చేతికి అందేంత దగ్గర్లో ఉన్న మన జనరల్ గురించి ఆ పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది. ఆ బడికి మళ్ళీ వెళ్ళి చెప్పి వచ్చాను.

అన్నా మే హేస్ 2018 జనవరి 7న వాషింగ్టన్‌లో కన్నుమూసింది. తొంభై ఏడేళ్ళు. మూడు యుద్ధాలు చూసిన జనరల్, కోరుకుంటే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో, పెద్ద పెద్ద సేనానుల మధ్య చోటు దొరికేది. ఆమె అలెన్‌టౌన్‌కు తీసుకుపొమ్మంది. అక్కడ, వాళ్ళ నాన్న సమాధి పక్కన పడుకోబెట్టారు.